అవునంటే ఊడే మాస్కు

అస్సర్ ఏనుగు తొండం తగిలించుకుని పడుకుంటున్నాడని గ్రాన్‌త్రెస్క్ ఊళ్ళో మొదట అన్నది పక్కింటి గున్‌మాయ్. కొట్లో ఐసుపెట్టె దగ్గర, గడ్డకట్టిన చేపల ప్యాకెట్టు చేత్తో పట్టుకుని అన్నది. విన్నావిడ జుట్టు కత్తిరించే చోట చెప్పింది. అక్కడ విన్నావిడ ఇంకో రెండు ముక్కలు కలిపి ఫోన్లో అస్సర్ భార్య వీవన్ వాళ్ళ అక్కకు చెప్పింది. నాలుగు రోజులకు ఆ కబురు వీవన్ చెవిన పడేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి. తొండం అవతలి కొస వీవన్ నోట్లో ఉంటుందట, ఆవిడ ఊదితేనే ఈయనకు ఊపిరట, మొగుడూ పెళ్ళాలకు మాటా మాటా వచ్చి ఆవిడ ఊదనని అలిగిందంటే తెల్లారేసరికి అస్సర్ లేడట.

వీవన్ ఆ మాట మొగుడికి అప్పజెప్పింది. "వింటున్నావా ముసలోడా? నేను ఊదుతున్నానట."

అస్సర్ ఆ వైపు అలవాటుగా కాఫీలో వేసుకున్న జున్నుముక్కను అడుగున చెంచాతో వెతుక్కుంటూ, పెదాలు సున్నా చుట్టి, గాలి ఒక్క గుక్క లోపలికి లాగాడు. ష్యూప్.

అవును, వింటున్నాను అని దాని అర్థం. ఆ మంచుదేశపు ఉత్తరాదిలో, అడవుల వైపు, అవును అనే మాట ఉండీ లేనట్టే. అవునా అని అడిగితే ఇలా ఒక పీల్పు పీలుస్తారు, పని అయిపోతుంది. అస్సర్ పెళ్ళి కూడా ఆ పీల్పుతోనే అయింది. ఈమెను భార్యగా స్వీకరిస్తావా అని పాస్టరు అడిగితే ష్యూప్ అన్నాడు. పాస్టరూ ఆ పక్కవాడే కాబట్టి చెల్లింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో వీవన్‌కు ఆయన ఇచ్చిన జవాబులన్నీ ఒక సంచిలో పోస్తే ముప్పాతిక వంతు గాలే.

ఆ గాలితోనే వచ్చింది చిక్కంతా.

పద్నాలుగో ఏట మంచు మీద హాకీ ఆడుతుంటే బిళ్ళ తగిలి అస్సర్ ముక్కు ఎడమకు ఒరిగింది. అప్పటి నుంచీ అది కళ్ళజోడు నిలబెట్టడానికి తప్ప మరో పనికి రాలేదు. ఊపిరి వ్యవహారమంతా నోరే చూసుకునేది. లోకమంతా అలాగే పీలుస్తుందని ఆయన నమ్మకం. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. గురక కూడా అందరికీ ఉండేదే అనుకున్నాడు. వేసవిలో కిటికీ తీస్తే ఆ గురకకు గున్‌మాయ్ వాళ్ళ కుక్క లేచి కూర్చునేదన్న సంగతి ఆయనకెవరు చెబుతారు.

ఫిబ్రవరిలో దుంగలు నిండా వేసుకుని వస్తూ పట్టపగలు లారీలో నిద్రపోయాడు. లారీ ఎంతో మర్యాదగా రోడ్డు దిగి మంచుగుట్టలో మూతి పెట్టి ఆగింది. మంచు తోసే బండివాడు వచ్చి తలుపు తీసేసరికి అస్సర్ స్టీరింగు మీద తల ఆనించి గురక పెడుతున్నాడు. ఒక్క దుంగ జారలేదు. జారింది లైసెన్సు. పట్నం ఆస్పత్రిలో ఒంటినిండా తీగలు అంటించి పడుకోబెట్టి, గంటకు నలభై ఒక్కసార్లు ఊపిరి ఆగుతోందని తేల్చారు.

డాక్టరు కుండబద్దలు కొట్టాడు. "మిషను గొట్టంలోంచి గాలి పంపుతుంది, మాస్కులోంచి నీ గొంతులోకి వెళ్ళి అది మూసుకుపోకుండా నిలబెడుతుంది. రోజుకు నాలుగు గంటలకు తగ్గకుండా, వరసగా ఆరు వారాలు పెట్టుకో. మిషనులో కార్డుంది, అదే లెక్క రాస్తుంది. ఆ లెక్క తెచ్చి చూపిస్తే సంతకం పెడతాను, లారీ తోలుకుందువు. జూన్ పండగ లోపల తీసుకురా."

"తర్వాతయితే?"

"తర్వాత నేను సెలవు."

జూన్‌లో వచ్చే ఆ నడివేసవి పండగ దాటితే ఆ దేశంలో సంతకం పెట్టే చెయ్యి ఒక్కటి దొరకదు. అన్ని చేతులూ ఏదో ఒక చెరువు గట్టున గాలం పట్టుకుని ఉంటాయి, ఆగస్టు నెలాఖరు దాకా.

లారీ అస్సర్ సొంతది. అది ఆగకూడదని తాళాలు హెల్గెకు ఇచ్చాడు. హెల్గె గున్‌మాయ్ మొగుడు. రెండేళ్ళ కిందట లారీ డ్రైవరుగా రిటైరయిన దగ్గర్నుంచీ వంటింట్లో కుర్చీ వేసుకుని, ఏ గిన్నె ఎక్కడ బోర్లించాలో పెళ్ళానికి నేర్పుతూ బతుకుతున్నాడు. అతను లారీ ఎక్కిన రోజు గున్‌మాయ్ ముఖం చూడాల్సింది. ఆవిడ వంటిల్లు ఆవిడకు తిరిగొచ్చింది. అస్సర్ బాగుపడటం ఊళ్ళో ఎవరికి పట్టినా పట్టకపోయినా, బాగుపడకపోవడం గున్‌మాయ్‌కి బాగా పట్టింది. తొండం కథ ఊరికే పుట్టలేదు.

హెల్గె పొట్టివాడు. ఎక్కీ ఎక్కగానే సీటు ముందుకు లాక్కున్నాడు. రోజూ పొద్దున అస్సర్ కిటికీ దగ్గర నిలబడి తన లారీ వెళ్ళడం చూసేవాడు. స్టీరింగు పైన ఒక టోపీ మాత్రం కనబడేది. తన ఇరవయ్యారేళ్ళ కూర్చోవడానికి అరిగి, తన పిరుదులకు తగ్గట్టు గుంటలు పడ్డ సీటు మీద ఒక టోపీ కూర్చుని తోలుకుపోతుంటే ఆయనకు అన్నం సయించేది కాదు.

మాస్కులిచ్చే గదిలో నర్సు పెర్నిల్లా. దక్షిణాది కొస, స్కోనె నుంచి ఆ ఫిబ్రవరిలోనే ఉద్యోగానికి వచ్చింది. ఉత్తరాది చలికి ఇంకా గదిలో కూడా కంఠానికి గుడ్డ చుట్టుకునే ఉండేది. పనిలో మాత్రం గట్టి పిల్ల.

"రాత్రి నోరు తెరిచి పడుకుంటావా, అస్సర్?"

"నాకేం తెలుసు. నిద్రపోతుంటాను కదా."

ఆ మాటలో తప్పేమీ లేదు కాబట్టి ఆవిడ ముక్కు మాస్కు ఇచ్చి పంపింది.

ముక్కు మాస్కుది ఒకటే షరతు, నోరు మూసుకోవాలి. అస్సర్ మెలకువలో ఎంతసేపైనా నోరు మూసుకుని ఉండగలడు, అందుకు ఊరంతా సాక్ష్యం. నిద్రపోతే మాత్రం దవడ దానంతటది దిగేది. మిషను ముక్కులోకి ఊదిన గాలి నోట్లోంచి వెళ్ళిపోయేది, వీధి తలుపూ పెరటి తలుపూ రెండూ తీసిపెట్టిన ఇంట్లోలాగా. పోతూ పోతూ పెదాలను దడదడలాడించేది.

"గుర్రం నీళ్ళు తాగి మూతి విదిలించినట్టుంది," అంది వీవన్. "గుర్రంతో పడుకోడానికి పెళ్ళిలో నేనేం ఒప్పుకోలేదు."

కార్డులో పడింది గంటా పది నిమిషాలు.

ఫోన్ చేస్తే గడ్డం పట్టీ పంపారు. దవడ కింద నుంచి నడినెత్తి మీదికి లాగి బిగించే గుడ్డపట్టీ. అది కట్టుకుని అస్సర్ వెల్లకిలా పడుకుంటే వీవన్ కాసేపు చూసి, "మా నాన్న పోయిన రోజున అచ్చం ఇలాగే కట్టారు," అంది. తెల్లారేసరికి పట్టీ చెవుల మీదికి సాగి ఉంది, దవడ తన దారిన తాను దిగి ఉంది.

ఆ తర్వాత టేపు. పెదాలకు మెత్తటి టేపు అంటించుకోవచ్చని పట్టీతో వచ్చిన కాగితంలో రాసుంది. ఇంట్లో ఉన్నది ఫ్రీజరు డబ్బాల మీద పేరు రాసి అంటించే టేపు. వీవన్ చేతికందిన ముక్క చింపి అడ్డంగా అంటించింది. పొద్దున చూస్తే అస్సర్ మూతి మీద ఆవిడ చేతిరాతే ఉంది, 'దుప్పి కీమా, సెప్టెంబరు' అని. దాన్ని ఊడబీకినప్పుడు సగం మీసం దానితో వెళ్ళిపోయింది. మిగతా సగం ఒంటరిగా ఉండి చేసేదేముందని అస్సరే గొరిగేసుకున్నాడు. వీవన్ మొగుడి నోటికి టేపు వేసిందని గున్‌మాయ్ కొట్లో చెప్పింది. ఆవిడ ఆ ఏడు చెప్పిన వాటిలో నిజం అదొక్కటే.

ఏప్రిల్ మొదటి వారంలో పెర్నిల్లా ముక్కూ నోరూ కలిపి కప్పే మధ్య సైజు మాస్కు తీసింది. అస్సర్‌ను పరీక్ష మంచం మీద పడుకోబెట్టి, పట్టీలు సర్ది, మిషను నొక్కింది. గాలి వచ్చింది, ఎవరో పెద్దమనిషి తలుపు తట్టి లోపలికొచ్చినట్టు మెత్తగా. ముక్కు వంకరను ఆ మాస్కు అడగనే లేదు. నోరు తెరిచినా దానికి ఒకటే, మూసినా ఒకటే. అస్సర్ కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. నా సీటులాగే ఉంది ఇది అనుకున్నాడు.

"బావుందా?" అంది పెర్నిల్లా.

అస్సర్ మనస్ఫూర్తిగా ష్యూప్ అన్నాడు.

మాస్కులోపల, గాలి హోరులో, ఆ చప్పుడు పైకి రాలేదు. పెర్నిల్లాకు కనబడింది వేరు. ఛాతీ ఎగిరింది, కనుబొమలు లేచాయి, మాస్కు బుగ్గల్లోకి పీల్చుకుపోయి అంచు దగ్గర కుయ్‌మంది. మునిగినవాడు నీళ్ళ పైకి తేలి మొదటి గుక్క పీలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆవిడ ఒక్క అంగలో వచ్చి పట్టీలు ఊడదీసింది.

"సరే సరే, కంగారుపడకు. ఇది నీకు పడలేదు, వేరేది చూద్దాం."

అస్సర్ ఊడిన మాస్కు వైపు చూశాడు. బావుందన్నాడు, తీసేసింది. చదువుకున్న పిల్ల, ఏదో కారణం ఉండే ఉంటుంది.

తర్వాతది పెద్ద సైజు. దాని పైఅంచు కళ్ళ కిందికి వచ్చి గాలి రెప్పల్లో కొట్టింది.

"ఇదెలా ఉంది?"

అస్సర్ ఏమీ అనలేదు. బాగాలేనిదాన్ని బాగాలేదనడం ఆ ఊళ్ళో కయ్యానికి కాలు దువ్వడం కింద లెక్క. పెర్నిల్లా ఆ మౌనం చూసి తృప్తిపడింది. "చూశావా, దీనికి ఎంత నిమ్మళంగా ఉన్నావో." అదే సంచిలో పెట్టి ఇచ్చింది.

ఆదివారం వీవన్ అక్క భోజనానికొచ్చింది. పంది మాంసం కూరి ఉడికించిన బంగాళాదుంప ముద్దలు తలా అయిదు తిన్నారు. అవి తిన్నాక ఆ దేశపు రాజైనా పడుకోవాల్సిందే. అస్సర్ వంటింటి చెక్కసోఫా మీద మాస్కు అలవాటు చేసుకుందామని ఒరిగాడు. కాసేపటికి రెండు కళ్ళ నుంచీ ధారలు.

"పాపం," అంది వీవన్ అక్క గొంతు తగ్గించి. "లారీ పోయిందని ఏడుస్తున్నాడే."

"గాలే అక్కా. కళ్ళల్లో కొడుతోంది."

"మగాళ్ళు అలాగే చెబుతారు."

ఏప్రిల్ చివర మళ్ళీ అదే తంతు. రెండు మాస్కులు పెట్టి చూసింది. సరిపోయినదానికి ష్యూప్ అన్నాడు, ఊడబీకింది. చెవి వెనక కొరికేదానికి మాట్లాడకుండా ఉన్నాడు, ఇచ్చి పంపింది. మే నెల వచ్చేసరికి ముందుగదిలో టోపీలు తగిలించే కొయ్యలకు మాస్కులు వరసగా వేలాడుతున్నాయి. గున్‌మాయ్ యాలకుల పొడి అడగడానికని వచ్చి, తలెత్తి చూసి, "ఏనుగుల మంద పెంచుతున్నారేమిటి," అంది.

ఇంతకాలానికి అస్సర్‌కు ఒక సంగతి బోధపడింది. ఆస్పత్రిలో మంచి మాస్కు రుచి చూపిస్తారు, బావుందంటే తీసేసుకుంటారు, బాగోనిది ఇస్తారు. సర్కారు సొమ్ము కదా, మంచివి ఇంకెవరికో ఉంచాలేమో. ఆయనకు అందులో కోపగించాల్సింది కూడా కనబడలేదు. కార్డులో మాత్రం ఏ రాత్రీ రెండు గంటలు దాటలేదు. కిటికీ బయట టోపీ లారీ తోలుతూనే ఉంది.

అప్పుడొచ్చింది ఉత్తరం. వీవన్ రెండుసార్లు చదివి, మూడోసారి పైకి చదివింది.

"రోగి మాస్కు పెట్టగానే ఊపిరి అందక ఎగపీలుస్తున్నాడు. మాస్కు అంటే భయం ఉన్నట్టుంది. ఈసారి ఇంటి మనిషిని వెంటబెట్టుకు రావాలి." కాగితం బల్ల మీద పెట్టింది. "నీకు భయమా?"

"దేనికి?"

"మాస్కంటే."

"ఊహూఁ."

"మరెందుకు ఎగపీలుస్తున్నావు?"

"నేనెప్పుడు పీల్చాను?"

వీవన్ లేచి గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి వేలితో గళ్ళు లెక్కపెట్టింది. "రమ్మన్నది బుధవారం. ఆ రాత్రి మొదలెడితే ఆరు వారాలు నిండేది పండగకు రెండు రోజుల ముందు. ఒక్క రాత్రి తప్పినా హెల్గె నీ సీట్లో ఆగస్టు దాటేదాకా కూర్చుంటాడు. నేనూ వస్తున్నాను."

ష్యూప్ అన్నాడు అస్సర్.

బుధవారం వీవన్ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని పరీక్ష గదిలో మూల కుర్చీలో కూర్చుంది. పెర్నిల్లా పిల్లవాడికి సూది వేసే ముందు మాట్లాడినట్టు మాట్లాడింది. "భయమేం లేదు అస్సర్. మొదట పెట్టిన ఆ మధ్య సైజుదే మళ్ళీ చూద్దాం. మెల్లగా."

పెట్టింది. మిషను నొక్కింది. అస్సర్ ముఖం సడలింది, చేతులు పొట్ట మీద చేరాయి. తప్పిపోయిన ఎద్దు దొడ్లోకి వచ్చి పడుకున్నట్టుంది మనిషి.

"బావుందా?"

ఛాతీ ఎగిరింది, కనుబొమలు లేచాయి, మాస్కు కుయ్‌మంది. పెర్నిల్లా చెయ్యి పట్టీ మీదికి వెళ్ళింది. వీవన్ లేచి వచ్చి ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఎందుకు తీస్తావమ్మాయ్? బావుందన్నాడుగా."

"ఎప్పుడన్నాడు?"

"ఇప్పుడే. నీ ముందే."

"ఊపిరి అందక ఎగపీలుస్తున్నాడు, నువ్వు చూడలేదా?"

వీవన్ జవాబు చెప్పకుండా మంచం పక్కకొచ్చి మొగుడి మీదికి వంగింది. "ఇవాళ బుధవారమేనా?"

ష్యూప్. మాస్కు కుయ్‌మంది.

"నీ ఊరు గ్రాన్‌త్రెస్కేనా?"

ష్యూప్.

"నేను అందగత్తెనా?"

కొంచెం ఆలస్యంగా, ష్యూప్.

పెర్నిల్లా చక్రాల స్టూలు మీద కూలబడింది. అది నాలుగడుగులు వెనక్కి జారి గోడకు తగిలి ఆగింది. "వచ్చిన కొత్తలో మీ వాళ్ళు ఇలా అంటారని ఎవరో చెప్పారు," అంది నెమ్మదిగా. "దక్షిణాది దాన్ని కదా, ఏడిపిస్తున్నారనుకున్నాను." కంప్యూటరు వైపు తిరిగి పాత రాతలు పైకీ కిందికీ జరిపింది. ఎగపీల్చాడు, ఎగపీల్చాడు, మళ్ళీ ఎగపీల్చాడు. "అయితే ఇవన్నీ..."

"ఇవన్నీ బావుందనే."

"నువ్వైనా చెప్పొచ్చు కదా, అస్సర్."

అస్సర్ మాస్కు ఎత్తి, "చెప్పాను కదా," అని మళ్ళీ దించుకున్నాడు.

"మా వైపు అవునంటే అవునని నోటితో చెబుతారు."

"మీ వైపు మాటలు నాకు తెలుసులే," అంది వీవన్. "గొంతులో గంజి నిలవబెట్టుకుని మాట్లాడతారు. అందులో అవునేదో కాదేదో ఏరుకోవడానికి జల్లెడ కావాలి."

పెర్నిల్లా నవ్వింది. కంఠానికి చుట్టిన గుడ్డతో సహా ఎర్రబడింది. మాస్కును తానే సంచిలో పెట్టి, అస్సర్ చేతికి కాకుండా వీవన్ చేతికిచ్చింది.

అక్కడితో కథ ఒడ్డున పడిందనుకున్నారు. శనివారం పొద్దున పెర్నిల్లా ఫోన్ చేసింది. మిషను లెక్కలు ఆవిడకు అక్కడే కనబడతాయి.

"నాలుగు గంటలు దాటింది గానీ అంచు మీద నడుస్తోంది. నిన్న రాత్రి నాలుగు గంటలా రెండు నిమిషాలు. పడుకున్న మొదటి గంటలోనే ఇరవయ్యారు సార్లు మాస్కు అంచు లేచి గాలి కారింది. దాంతో మెలకువ వచ్చేస్తోంది, విసుగొచ్చి తీసేస్తున్నాడు. ఆ మొదటి గంటలో..." పెర్నిల్లా ఆగింది. "ఆ మొదటి గంటలో మీరేం చేస్తారు?"

"నువ్వనుకునేది కాదు," అంది వీవన్. "నేను మాట్లాడతాను."

"ఆయన?"

"ఒప్పుకుంటాడు."

అవతల పెర్నిల్లా మీటలు నొక్కి ఆ ఇరవయ్యారునూ మళ్ళీ లెక్కపెట్టుకుంది.

"వీవన్, ఇది చాలా ముఖ్యం. ఒప్పుకోవద్దని చెప్పు."

"అసలు నోరే మెదపకూడదా?"

"లోపలికి పీలిస్తేనే అంచు లేస్తోంది. గాలి బయటికి వదిలే మాటైతే ఫరవాలేదు."

వీవన్ ఫోన్ పెట్టేసి ఆలోచించింది. అస్సర్ దగ్గర గాలి బయటికి వదిలే మాట ఒకటే ఉంది. అది ఊహూఁ.

ఆ సాయంత్రం, సూర్యుడు ఇంకా కిటికీలో కూర్చుని ఉండగానే, అస్సర్ మాస్కు తగిలించుకుని పడుకున్నాడు. వీవన్ పక్కన చేరి అలవాటు చొప్పున మొదలెట్టింది. ఈ ఏడు వంటింటికి మళ్ళీ రంగు వెయ్యాలి. పసుపే వేద్దాం, మళ్ళీ అదే పసుపు, ఏమంటావు?

అస్సర్ పెదాలు సున్నా చుట్టుకున్నాయి. నర్సు మాట గుర్తొచ్చింది. కిటికీలో టోపీ గుర్తొచ్చింది. చుట్టిన సున్నాను విప్పేశాడు.

"ఊహూఁ."

వీవన్ లేచి కూర్చుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ మంచం మీద ఆ మాట మొదటిసారి వినబడింది. పొద్దున మాస్కు తీశాక అడిగింది. "మిషను కోసం అన్నావా, నిజంగానే అన్నావా?"

అస్సర్ రొట్టె నమిలి మింగేదాకా ఆగాడు. "పసుపు నాకెప్పుడూ నచ్చలేదు."

"ఇరవై ఏళ్ళుగా పసుపు వంటింట్లో తింటున్నావు."

ష్యూప్ అన్నాడు అస్సర్, తింటూ.

వీవన్ రెండు రోజులు ముభావంగా ఉంది. మూడో రోజు నుంచి ఆవిడ తెలివి దారి మార్చుకుంది. మాస్కు పెట్టుకున్నవాడి చేత కాదనిపించడం ఎంత సేపు? అడగడం తిరగేస్తే సరి. మా అక్క పండక్కి వస్తే నీకేమైనా ఇబ్బందా? ఊహూఁ. కొత్త తివాచీ కొంటే కోపమొస్తుందా? ఊహూఁ. అలా ఆవిడ పనులు ఆవిడకు జరిగిపోయాయి, మాస్కు అంచు లేవలేదు. కానీ ఆవిడ తిరగెయ్యడం మరిచిపోయిన రోజుల్లో అస్సర్ తన జవాబు తిరగెయ్యలేదు. చేపల పులుసా? ఊహూఁ. శనివారం ఊళ్ళో నాట్యానికి వెళ్దామా? ఊహూఁ. మొదట్లో మిషను కోసం అన్న మాట. పదో రాత్రికి నాలుకకు అలవాటయింది. ఇరవయ్యో రాత్రికి రుచి తెలిసింది. ఒక సాయంత్రం వీవన్ ఏమీ అడగకముందే ఊహూఁ అని చూసుకుని హాయిగా నిద్రపోయాడు.

క్యాలెండరు మీద ఆవిడ రోజూ ఒక గడి కొట్టేసేది. ఆరు గంటలు. ఆరున్నర. దోమలు వచ్చిన వారం ఒక రాత్రి నాలుగు గంటలా అయిదు నిమిషాలకు దిగింది, ఆ పొద్దున వీవన్ గడి కొట్టేసే ముందు లెక్క రెండుసార్లు చూసింది. మళ్ళీ ఏడు. అస్సర్ ముఖం మీద మాస్కు గీత చెంపల మీదుగా పడి పదింటి దాకా పోయేది కాదు. పట్టపగలు కళ్ళు మాత్రం బాగా తెరుచుకుని ఉండేవి. వాటితో ఇంతకు ముందు చూడనివి చూశాడు. హెల్గె లారీ అద్దానికి పరిమళం వెదజల్లే అట్ట చెట్టు ఒకటి వేలాడదీశాడు.

నలభై రెండో గడి కొట్టేశాక, గురువారం, డాక్టరు కార్డు లెక్క పైనుంచి కిందికి చూసి సంతకం పెట్టాడు. ఆయన బల్ల పక్కన గాలం కర్ర అప్పటికే నిలబెట్టి ఉంది.

అక్కడి నుంచి అస్సర్, వీవన్ నేరుగా గున్‌మాయ్ ఇంటికే వెళ్ళారు. మధ్యాహ్నం కాఫీ వేళ. లారీ వాకిట్లో నిలబడి ఉంది, అట్ట చెట్టు అద్దంలో ఊగుతోంది. గున్‌మాయ్ కిటికీలోంచి చూసి ఉంటుంది, వాళ్ళు చెప్పులు విప్పేలోగా బల్ల మీద ఏడు రకాల బిస్కట్లు పరిచేసింది. అది ఆవిడ ఇంట్లో చావుకో పెళ్ళికో తప్ప జరగదు. హెల్గె బల్ల అవతల కూర్చున్నాడు. తాళాల గుత్తి అతని చొక్కా జేబులో బరువుగా వేలాడుతోంది.

"సంతకం పెట్టాడు," అంది వీవన్.

"అబ్బ, ఎంత మంచి మాట," అంది గున్‌మాయ్, కప్పుల్లో కాఫీ పోస్తూ. "తిను అస్సర్, తిను. ఎంత చిక్కిపోయావో. మీసం కూడా లేకపాయె. నేను హెల్గెతో అంటూనే ఉన్నాను, ఆ మనిషి వసంతమంతా ఎంత అవస్థ పడ్డాడు, ఆ గొట్టాలేమిటి, ఆ పట్టీలేమిటి అని. అంటూనే ఉన్నానా లేదా?"

ష్యూప్ అన్నాడు హెల్గె.

"మరి సంతకమైందని వెంటనే ఎగిరి లారీ ఎక్కాలా? ఒళ్ళు కుదుటపడనియ్యి. హెల్గెకేం, అలవాటైపోయింది, దుప్పి వేట మొదలయ్యేదాకా తోలతాడు. ఆ తొండంతో ఇంకో రెండు నెలలు నిమ్మళంగా పడుకో. అదీగాక నిద్రపోయేవాడి చేతికి దుంగల లారీ ఇచ్చారని ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు, నేను అనను గానీ." బిస్కట్ల పళ్ళెం అస్సర్ వైపు జరిపింది. "అదే మంచిది కదూ, అస్సర్?"

ముగ్గురూ ఆయన నోటి వైపు చూశారు. ఆ ఊళ్ళో అస్సర్‌ను ఎవరేం అడిగినా వచ్చేది ఒకటే, అది వస్తుందని గున్‌మాయ్ అప్పుడే తన కప్పు ఎత్తుకుంది. హెల్గె జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. అస్సర్ పెదాలు అలవాటుగా సున్నా చుట్టుకున్నాయి. కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత విప్పుకున్నాయి.

"ఊహూఁ. తొండం నాది, లారీ నాది. తాళాలు ఇటు పడెయ్."